ఇరవై ఇళ్లకో ఇల్లు

1999 వేసవి. హైటెక్ సిటీలో ఓ అద్దాల బిల్డింగు, నాలుగో అంతస్తు. లింగంపల్లిలో టైపు నేర్చుకున్న ఖాజాగూడ రోహిణి అక్కడ డేటా ఎంట్రీ చేసేది. గది తలుపు కార్డు గీస్తేనే తెరుచుకుంటుంది. టెంపరరీ వాళ్లకి కార్డివ్వరు. బాత్రూముకి వెళ్లాలన్నా పై అధికారి ఉదయ్ భాస్కర్‌ని బతిమాలుకోవాలి.

చుట్టుపక్కల ముప్పై వేల ఇళ్ల సర్వే ఆమే మూడు నెలలు కూర్చుని టైపు చేసింది. ఇంట్లో నల్లా ఉందా, లేదా? తక్కువ ఇళ్లలో ఉందని తేలితేనే కొత్త పైపులైను వేస్తారు. రోహిణి గల్లీలో ఒక్కరికీ నల్లా లేదు. సాయంత్రం ఐదింటికి ట్యాంకరొస్తే బిందెలతో కొట్లాటే.

లెక్క తీసే సాఫ్ట్‌వేరు మాత్రం కాలేజీ పిల్లల కోసం చేసిన చవక కాపీ. పదిహేను వందల వరుసలు దాటి ఒక్కటి పెట్టినా మూతి బిగిస్తుంది. ఉదయ్ భాస్కర్ బుర్ర గోక్కుని, మొదటి ఇంటితో మొదలెట్టి ఇరవై ఇళ్లకో ఇల్లు ఏరితే సరిపోతుందని కనిపెట్టాడు. తనని తానే మెచ్చుకుని రెండు సమోసాలు తిన్నాడు.

ఫలితం వచ్చింది. నూటికి తొంభై మూడిళ్లలో నల్లా.

"గిది తప్పు సార్," అంది రోహిణి.

"కంప్యూటర్ తప్పు చెప్పదమ్మా."

"మా గల్లీల బిందెలు జూస్తే దానికే ఏడుపొస్తది. గల్లీకో కాగితం, కాగితానికి ఇరవై ఇండ్లు. మొదటి వరుసల ఎవరుంటరు సార్? సర్వే పిలగాండ్లకు కుర్చేసి చాయ్ పోసిన పెద్దింటోళ్లు. మీరు ఇరవైకొకటి ఏరితే ప్రతిసారి వాళ్లే దొరుకుతరు."

ఉదయ్ భాస్కర్ సమోసా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. "నాలుగింటికి రిపోర్టు కోసం నీళ్ల ఆఫీసు నుంచి మునిస్వామి గారొస్తారు. ఈ సాఫ్ట్‌వేరేమో ఇంతకన్నా మింగదు. ఏం చెయ్యమంటావు?"

"ఇరవై ఒకటికి ఒకటి తియ్యుండ్రి. కాగితం మారినప్పుడల్లా ఒక వరుస కిందికి జరుగుతది."

తీశాడు. పద్నాలుగు వందల ఇరవై తొమ్మిది ఇళ్లు. సాఫ్ట్‌వేరు కిక్కురుమనకుండా మింగింది. నల్లాలు నూటికి ముప్పై నాలుగు.

ఆయన ముఖం పాలిపోయింది. పొద్దున్నే మునిస్వామి గారికి ఫోనులో తొంభై మూడని చెప్పేశాడు మరి.

"తయారు చేసినవారు అన్నచోట నీ పేరు పెట్టుకుంటావా? గొడవైతే నీ ఉద్యోగమే పోతుందమ్మా."

"పెట్టకపోతే?"

"తొంభై మూడే వెళ్తుంది."

రోహిణి తలుపు వైపు చూసింది. పారిపోవాలన్నా ఈయన కార్డే కావాలి. సంతకం చేసి, కింద ఇంటి నంబరు కూడా రాసింది.

"ఇంటి నంబరెందుకమ్మా?"

"అడగనీకి వస్తే సీదా ఇంటికే రమ్మనుండ్రి సార్. తాగనీకి నీళ్లు మాత్రం వాళ్లనే తెచ్చుకోమనుండ్రి."

మునిస్వామి రిపోర్టు పట్టుకెళ్లాడు. ఐదు కావస్తోంది, గల్లీకి ట్యాంకరొచ్చే వేళ. రోహిణి టిఫిన్ డబ్బా పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. ఉదయ్ భాస్కర్ అటు తిరిగి ఫోనులో ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. కార్డు ఆయన నడుముకి వేలాడుతూనే ఉంది.