మూడు నిమిషాల తప్పెటగుళ్లు

మొన్నటి పోటీలో నేను వేదిక మీద మాట్లాడింది రెండే నిమిషాలని నా జ్ఞాపకం. టైమ్‌కీపర్ చీటీలో తొమ్మిదని ఉంది. ఈ వయసులో నా జ్ఞాపకాన్ని నేనే పూర్తిగా నమ్మను గనుక, చీటీయే నిజమనుకుని వినండి.

శ్రీకాకుళంలో పాఠాలు చెప్పుకునే నాకు, మా యూనివర్సిటీ తప్పెటగుళ్ల జట్టు బాధ్యత కూడా అప్పగించారు. ఈ పోటీలో గెలిచే మొదటి రెండు జట్లకే రాష్ట్రస్థాయి పోటీకి పిలుపు. దానికోసం పదిమంది పిల్లలు రెండు నెలలపాటు, క్లాసులయ్యాక, రేకు తప్పెటలు గుండెకు కట్టుకుని వాయిస్తూ ఎగిరారు. వాళ్ల లీడర్ పైడిలక్ష్మిది చీపురుపల్లి. హాజరు పిలిస్తే పలకడానికే సిగ్గుపడే పిల్ల.

ఆటకు ముందు ఇన్‌ఛార్జి నాలుగు ముక్కలు చెప్పడం మా దగ్గర ఆనవాయితీ.

"సార్, మనకి పన్నెండు నిమిషాలే. తెర లేసిన కాడ్నుంచే లెక్క," అని గొణిగింది పైడిలక్ష్మి.

"నాకు తెలుసమ్మా," అన్నాను. ఏం తెలుసు, నా మొహం! దరువు పడ్డాకే గడియారం నడుస్తుందనుకున్నాను.

తెర లేచింది. పదిమందీ మోకాళ్లు వంచి సిద్ధంగా నిలబడ్డారు. పాఠ్యేతర కార్యక్రమాలు విద్యార్థి వ్యక్తిత్వాన్ని ఎలా తీర్చిదిద్దుతాయో నేను మొదలుపెట్టాను. ధైర్యమన్నాను. నాయకత్వమన్నాను. సమయపాలన దగ్గర కాస్త ఎక్కువసేపే ఆగాను.

వెనక నుంచి ఓ గొంతు: "ఒరే, కాళ్లు తిమ్మిరెక్కిపోతన్నాయిరా!"

ఇంకోటి: "సారు ఇది క్లాసనుకుంటన్నారేటిరా?"

ఉత్సాహం కాబోలనుకుని గొంతు పెంచాను. అంతలో చేతిలో మైకు మాయం! చూస్తే పైడిలక్ష్మి.

"సాలండి సార్. ఇంక మమ్మల్ని ఆడనీండి."

హాలంతా చప్పట్లు. నేను అంతసేపూ వర్ణించిన ధైర్యం నా చేతిలోంచే మైకు లాక్కుంటుందని ఊహించలేకపోయాను.

మిగిలిన మూడు నిమిషాలూ ప్రాణం పెట్టి ఆడారు. ఒకరి భుజాల మీదికొకరు ఎక్కి గోపురం కడుతుండగానే గంట మోగింది. సగం కట్టిన గోపురం దిగింది. మూడో స్థానం!

తిరుగు బస్సులో ఎవరూ నా పక్కన కూర్చోలేదు. చివరికి ముందు సీటులోంచి పైడిలక్ష్మే వెనక్కి తిరిగింది.

"వచ్చే ఏడాది మీరూ ఓ తప్పెట కట్టీసుకోండి సార్. ఆయాసానికి మాట రాదు."

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేయను!

ఒక్క సంగతి మాత్రం మీకు కావాలనే చెప్పలేదు. మైకు పోగానే నేను వేదిక దిగలేదు. "చివరగా ఒక్క మాట" అని అరిచి, వినయం గురించి కూడా చెప్పాకే దిగాను.