మా నాయన మామిడి అన్న చెట్టు

తిరుపతిలో మేము కొన్న ఇంటి వెనక ఒక చెట్టు ఉండింది. పూత లేదు, కాయ లేదు, దాని పేరు ఇల్లు అమ్మినోడికే తెలీదు. మా ఇంటాయన దాన్ని కొట్టేసి కారు షెడ్డు వేస్తానన్నాడు. కారు ఇంకా కొనలేదు.

మా నాయన వచ్చి చెప్పేదాకా దాని మీద చెయ్యి వెయ్యొద్దన్నా. నాయన చిత్తూరు పక్క నర్సరీలో నలభై ఏండ్లుగా మామిడి అంట్లు కడతా ఉండాడు. మొక్కలు కలిసిపోతే ఆకు నలిపి వాసన చూసి, ఇది బేనీషా, ఇది నీలం అని వేరు చేస్తాడు. మోకాళ్లు పోయినా ఇంకా పనిలో ఉంచుకున్నారంటే ఆ ముక్కు కోసమే. మేమంతా ఆ ముక్కు పెట్టిన కూడు తిని పెరిగినోళ్లమే.

ఆదివారం వచ్చినాడు. కాఫీ తాగినాడు. ఆకు తెంపి, నలిపి, కండ్లు మూసుకొని వాసన చూసినాడు. మామిడే అన్నాడు. అడివి మామిడి, బేనీషా అంటు కడితే మూడేండ్లకు కాపుకొస్తుంది అన్నాడు.

ఆయన అట్ల పక్కకు పోతానే నేనొక ఆకు నలిపి చూసినా. ఉత్త పచ్చగడ్డి వాసన. రూపం మాత్రం అచ్చం మామిడాకే. అంటే నాయన చెప్పింది కంటితో చూసి, ముక్కుతో కాదు. ఈ సంగతి నర్సరీలో తెలిస్తే ఆయన్ని ఇంటికి పంపేస్తారు. ఆయన తిరిగొచ్చినాక, అవును నాయనా, మామిడి వాసనే అన్నా.

నర్సరీ నుంచి బేనీషా పుల్లలు తెచ్చి ఏడు కొమ్మలకు అంట్లు కట్టినాడు. కోసినచోటల్లా, మామిడికి ఎప్పుడూ రాని తెల్లపాలు జిల్లేడుకు కారినట్టు కారతా ఉంటే పంచెతో తుడిచి తుడిచి కట్టినాడు. ఒకసారి మామిడి అన్నాక మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు. చిన్నప్పటి మాదిరే నేను పక్కన నిలబడి ప్లాస్టిక్ పట్టీలు అందించినా.

నెల తిరక్కుండా ఏడూ ఎండిపోయినాయి. నాయన కట్టిన అంటు ఎండడం నేనెప్పుడూ చూడలా. మా ఇంటాయన షెడ్డు కొలతలకని టేపు తెచ్చి, నా మొహం చూసి మళ్లీ లోపల పెట్టేసినాడు.

ఆ మరుసటేడాది చెట్టు తన కాయలు తాను కాసింది. కొనదేలిన పసుప్పచ్చ కాయలు. కోస్తే లోపల ఉడకేసిన గుడ్డు సొన మాదిరి ఉండాది. మా ఇంటాయన ఫోన్లో వెతికి, ఎగ్‌ఫ్రూట్ అంట, ఏదో దేశం చెట్టంట అని చదివి లోపలికి పోయినాడు. కాయలు చూడను వచ్చి పక్కనే కూర్చున్న నాయన ముక్క నోట్లో పెట్టుకొని నిదానంగా నమిలినాడు.

"మూడేండ్ల కింద జరమొచ్చింది గదమ్మా, అప్పుడే పోయింది వాసన. నర్సరీలో ఆకు రూపం చూసి నెట్టుకొస్తా ఉండా," అన్నాడు.

తెలుసు అన్నా.

ఇంకో ముక్క తీసుకొని ఆయనే అడిగినాడు. "బేనీషా ఆకు వాసన ఎట్లుంటాదో ఒకసారి చెప్పమ్మా. మర్చిపోతా ఉండా."

చెప్దామని నోరు తెరిచినా. ఆ వాసనలో పుట్టి పెరిగినదాన్ని, ఒక్క మాట దొరకలా.

"మామిడి మాదిరే ఉంటాది నాయనా," అన్నా.

ఆయన సరేనని తల ఊపినాడు.