కరెంటు పోతే కూడే సంఘం

పోయిన ఆదివారం మా మనవరాలు నన్ను తిరుపతిలో తను పనిచేసే యువజన సహాయ కేంద్రానికి తీసుకుపోయింది. చదువు మధ్యలో ఆపేసినవాళ్లు, పని దొరక్క తిరుగుతున్నవాళ్లు, ఇంట్లో చెప్పుకోలేని బాధ ఉన్నవాళ్లు అక్కడికి రావచ్చునట. దరఖాస్తులు నింపిపెడతారు, పాఠాలు చెబుతారు, ఊరికే కూర్చోబెట్టి మాట్లాడతారు కూడా. గోడలకు లేత నీలం రంగు వేశారు, మెత్తటి కుర్చీలు వేశారు, చల్లటి నీళ్లూ వేడి నీళ్లూ వచ్చే యంత్రం పెట్టారు, అన్నీ ఉన్నాయి గానీ పిల్లలే నలుగురికి మించి లేరు. ఆ నలుగురూ నాలుగు మూలల్లో కూర్చుని ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటున్నారు. అంతలో కరెంటు పోయింది. ఫ్యాన్లు ఒక్క క్షణం నెమ్మదించాయో లేదో ఇన్వర్టరు అందుకుంది, పిల్లలెవరూ తల కూడా ఎత్తలేదు. నేను మాత్రం చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని లేచి నిలబడి ఉన్నాను.

"యాడికవ్వా?" అంది మనవరాలు. సంఘానికి అని నోటిదాకా వచ్చింది. చెబితే నవ్వుతుందని మళ్లీ కూర్చున్నాను. దానికి చెప్పలేకపోయినా మీకు చెప్పుకోవచ్చు. నా ఈడువాళ్లు గనక, కరెంటు పోయినప్పుడు వీధి వీధంతా హోయని కూసిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి.

మేం పెరిగింది నగరిలో, నేతవాళ్ల వీధిలో. అప్పటికే చాలా ఇళ్లలో చేతిమగ్గాలు పోయి మరమగ్గాలు వచ్చాయి. తెల్లారి మొదలైతే పొద్దు గూకేదాకా టకటకమని ఒకటే మోత, నేల కూడా అదిరేది. ఆ మోతలో ఎవరైనా మాట్లాడాలంటే అరవాల్సిందే. పెళ్లైన కొత్తలో నేను మంచినీళ్లు కావాలా అని అడిగితే కోడలు తగువుకొస్తోందని మా అత్తగారు హడలిపోయేది. ఆమెకు ఆ సంగతి సర్దిచెప్పడానికి మా ఆయనకు ఆరు నెలలు పట్టింది. ఇప్పటికీ ఫోనులో నా గొంతు వింటే అవతలివాళ్లు ఫోను చెవికి దూరంగా పెట్టుకుంటారని మనవరాలు అంటుంది, నిజమే అయివుంటుంది.

నేను పదో తరగతి తప్పాను. ఇంగ్లీషు గట్టెక్కించింది గానీ లెక్కలు ముంచాయి. నాయన తిట్టలేదు, కొట్టలేదు. పెరట్లో మూలన పడున్న చేతి రాట్నాన్ని తుడిచి నా ముందు పెట్టాడు, అంతే. ఆయన మగ్గాలకు కావలసిన నూలు కండెలు చుట్టడం ఆనాటి నుంచి నా పని. ఇంకోసారి పరీక్ష రాస్తానని నేను అమ్మ చేత అడిగించాను. నాయన, "మగ్గం ఆడేటప్పుడు కండె ఆగగూడదు. మగ్గం ఆగినాక అది ఏమన్నా సదువుకోనీ" అన్నాడు. దయ తలచాడో కుదరదని చెప్పాడో ఆ వయసులో నాకు తెలియలేదు. మగ్గం ఆగేది కరెంటు పోయినప్పుడే, కరెంటు ఎప్పుడు పోతుందో ఆ దేవుడికి కూడా తెలియదు.

నా లాంటివాళ్లు ఆ వీధిలో పదిమందికి పైగా ఉన్నారు. తప్పినవాళ్లు కొందరు, మానేసినవాళ్లు కొందరు. ఇద్దరు ముగ్గురికి ఇంట్లో అరవమే తప్ప తెలుగు రాయడం సరిగా రాదు. మమ్మల్నందరినీ ఒకచోట చేర్చింది మా చిన్నమ్మ, అంటే అమ్మకు చెల్లెలు. తిరుపతిలో డిగ్రీ చదివి, ఉద్యోగం రాక, ఇంటికొచ్చి కుట్టుమిషను తొక్కుతుండేది. పిల్లల్ని సాయంత్రాలు రమ్మంటే మగ్గాలు వదలరని ఆమెకు తెలుసు. అందుకని సంఘానికి వేళ పెట్టలేదు. మగ్గాలు ఆగితే సంఘం, మగ్గాలు ఆడితే ఎవరింటికి వాళ్లు. వీధి కొసన ఉండే పెద్దతాత తన ఇంటి వెనక ఖాళీ రేకుల షెడ్డు ఇచ్చాడు. ఆయన మాకు రక్తసంబంధం కాదు, వీధిలో అందరికంటే పెద్ద గనక అందరికీ పెద్దతాతే. చిన్నమ్మ ఒక చెక్క మీద 'యువజన సంఘం' అని పసుపు రంగుతో రాసి తగిలించింది. స్థలం సరిపోక చివరి సున్న పక్కనున్న గోడ మీదికి పోయింది.

మా సంఘం ఎన్ని పనులు చేసేదో తలుచుకుంటే ఇప్పుడు నాకే ఆశ్చర్యం. బస్సు పాసుకు, హాస్టలు సీటుకు దరఖాస్తులు అక్కడే నింపేవాళ్లం. పేపరు ఒక్కటే వచ్చేది, ఒకరు చదివితే మిగతావాళ్లు వినేవాళ్లు. ఒక పిల్లకు బోర్డు మీద అక్షరాలు కనపడకే చదువు రాలేదని కనిపెట్టి, చిన్నమ్మ దాన్ని చిత్తూరు ఆసుపత్రికి తీసుకుపోయి కళ్లద్దాలు పెట్టించింది. అద్దాలు పెట్టుకుని వచ్చిన ఆ పిల్ల మొట్టమొదట నా ముఖం చూసి, నీకు మీసాలుండాయే అంది. మేమిద్దరం వారం రోజులు మాట్లాడుకోలేదు.

కరెంటు ఎంతసేపు పోతుందో తెలియదు గనక లెక్క మొదలుపెడితే పూర్తవుతుందన్న నమ్మకం ఉండేది కాదు. ముగ్గురు నేతగాళ్లు ఇన్ని రోజుల్లో ఇన్ని చీరలు నేస్తే ఐదుగురు ఎన్ని నేస్తారు అని సగం దాకా వచ్చేసరికి మగ్గాలు టక్కున మోగేవి, అందరం పలకలు పారేసి ఇళ్లకు పరుగు తీసేవాళ్లం. బోర్డు మీద ఆ సగం లెక్కను చిన్నమ్మ చెరపేది కాదు. మళ్లీ కరెంటు పోయేదాకా అది అట్లాగే ఉండేది. కండెలు చుడుతూ ఆ లెక్కనే మనసులో తిప్పుకునేదాన్ని. నాకు లెక్కలు వచ్చింది షెడ్డులో కాదు, రాట్నం దగ్గరే అని నా నమ్మకం.

పెద్దతాత భార్యను మేం పెద్దవ్వ అనేవాళ్లం. ఆమెకు పిల్లలు లేరు. కరెంటు పోయి మేం కూతలు పెడుతూ వస్తుంటే వాకిట్లో బొరుగుల డబ్బా పట్టుకుని నిలబడేది. పోపు వేసి వేయించిన బొరుగులు, అందులో పప్పులు, ఎండుమిరపకాయలు. ఎవరు ముందు వస్తే వాళ్లకు దోసిలి నిండా, తక్కినవాళ్లకు గుప్పెడు. ఆ దోసిలి కోసం మేం పందెం గుర్రాల్లాగా పరిగెత్తేవాళ్లం, దారిపొడుగునా నేను ముందంటే నేను ముందని గోల. మమ్మల్ని చూసి ఆమె నవ్వే నవ్వుకు పళ్లు లేని చిగుళ్లన్నీ కనపడేవి.

ఇక్కడ మా వీధి కట్టుబాటు ఒకటి చెప్పాలి. ఎవరైనా కాలం చేస్తే శవం లేచేదాకా ఏ ఇంట్లోనూ మగ్గం ఆడదు. కరెంటు పోతే మగ్గాలన్నీ ఒక్కసారే ఆగుతాయి. చావు కబురైతే ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి నడిచి రావాలి గనక ఒక్కొక్కటిగా ఆగుతాయి. ఈ తేడా వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. తెలిసీ ఒకరోజు నేను వినిపించుకోలేదు.

పరీక్షకు ఇంకా ఇరవై రోజులున్నాయి. బోర్డు మీద సగం లెక్క మూడు రోజులుగా అట్లాగే ఉంది, ఎందుకో ఆ మూడు రోజులూ కరెంటు పోలేదు. ఆ లెక్కకు జవాబు నాకు ఆ ఉదయమే తట్టింది. పెరట్లో రాట్నం ముందు కూర్చుని ఎప్పుడెప్పుడా అని చెవులు రిక్కించుకుని ఉన్నాను. మోత తగ్గింది, ఇంకాస్త తగ్గింది, మా మగ్గాలూ ఆగాయి. నాయన వీధివైపు తలుపులో నుంచి వెళ్లిపోయిన సంగతి నాకు తెలియదు. హోయని ఒక్క కూత పెట్టి పెరటి దారిన పరిగెత్తాను. నా కూత విని చుట్టుపక్కల పెరళ్లలోని పిల్లలూ కూతలు పెట్టుకుంటూ నా వెనకే వచ్చారు. అందరికంటే ముందు నేనే పెద్దతాత వాకిట్లో దూకి, "అవ్వా, నేనే ముందొచ్చినా! బొరుగులు నాకే!" అని నా మరమగ్గాల గొంతుతో అరిచాను.

వాకిట్లో చాప మీద పెద్దవ్వను పడుకోబెట్టి ఉన్నారు. తల దగ్గర దీపం వెలుగుతోంది. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు ఏడుపు ఆపి నా వైపు చూశారు. మగవాళ్లలో నాయన ఉన్నాడు, ఆయన తల దించుకున్నాడు. "సావింట్లో కూతలేందప్పా ఇవి! సంఘం సంఘమని ఇదేనా నేర్పించేది?" అని ఎవరో పెద్దమనిషి చిన్నమ్మ మీదికి వెళ్లాడు. చిన్నమ్మ నా చేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

ఆ సాయంత్రమే పెద్దమనుషులు షెడ్డుకు తాళం వేశారు. ఇంటికొచ్చాక నాయన గొంతు పెంచలేదు. "సంఘమూ వద్దు, పరీక్షా వద్దు. నలుగురిలో నా తల తీసేసినావు" అన్నాడు. నాకు అన్నిటికంటే పెద్ద బాధ పరీక్ష కాదు. మాకు దోసిలి నిండా పెట్టిన మనిషిని సాగనంపే వేళ నేను చేసిన పని అది. కండెలు చుడుతుంటే కళ్లనీళ్లకు నూలు తడిసేది. తడి నూలు మగ్గం మీద తెగుతుందని అమ్మ నన్ను కసురుకుంటూనే కొంగుతో ముఖం తుడిచేది. ఆ తరువాత కరెంటు చాలాసార్లు పోయింది. వీధిలో ఒక్క పిల్ల కూడా కూత పెట్టలేదు.

కర్మ అయిన మరుసటి రోజు పెద్దతాత మా ఇంటికి వచ్చాడు, చేతిలో బొరుగుల డబ్బా ఉంది. నాయన లేచి నిలబడ్డాడు. ఆయన కూర్చోలేదు. "పొయ్యే ముందురోజు ఏంచి పెట్టిందప్పా మా ఇంటిది. తినేవాళ్లు లేరు, మెత్తబడిపోతాండాయి" అన్నాడు. తరువాత నా వైపు చూసి, "ఆ పొద్దు ముందొచ్చింది ఈ పిల్లే గదా, ఇది దాని దోసిలి" అని డబ్బా నా ఒళ్లో పెట్టాడు. వాకిలి దాటేటప్పుడు నాయనతో ఇంకో మాట అన్నాడు. "పిల్లోళ్ల కూత ఇనబడందే ఆమెకు పొద్దు పొయ్యేది కాదప్పా. కూతల్లోనే సాగిపోయింది, నాకేమీ తప్పనిపించలేదు. తాళం నేను తీసేసినా."

ఆ మరుసటి రోజు మధ్యాహ్నం కండెలు చుడుతున్నాను. వీధి కొసన పెద్దతాత ఇంట్లో మగ్గాలు ఆగాయి. కాసేపటికి దాని పక్క ఇంట్లోవి, ఆ తరువాత ఎదురింట్లోవి. ఈసారి నా చెవులు మోసం చేయలేదు, ఒక్కొక్కటిగా ఆగుతున్నాయని తెలిసిపోయింది. ఎవరు పోయారు దేవుడా, పెద్దతాతేనా అని రాట్నం వదిలేసి లోపలికి పరిగెత్తాను. అప్పుడే మా మగ్గాలూ ఆగాయి. నాయన మీట మీద చేయి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మగ్గం మీద వేలాడే బల్బు మాత్రం వెలుగుతూనే ఉంది.

చావు కబురు లేకుండా, కరెంటు ఉండగా, పట్టపగలు నేతగాడు మగ్గం ఆపడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి చూడటం. నాయన నా ముఖం చూడకుండా, "మోటారు ఏడెక్కింది. సల్లారేదానికి గంట పడతాది. ఈడ నిలబడుకోని ఏం సేస్తావు, పో" అన్నాడు.

నేను పరిగెత్తలేదు, కూత పెట్టలేదు. ఏడుస్తూ నడిచిపోయాను. షెడ్డులో చిన్నమ్మ ఉంది, బోర్డు మీద సగం లెక్క అట్లాగే ఉంది. నేను పోయి మిగతా సగం రాశాను. పరీక్ష దాకా మిగిలిన ఆ ఐదారు రోజులూ మధ్యాహ్నం కాగానే పెద్దతాత ఇంటి నుంచి మొదలై మా వీధిలో మోటార్లన్నీ వరసగా వేడెక్కేవి. అవి ఎందుకు వేడెక్కుతున్నాయో ఎవరూ ఎవరినీ అడగలేదు. బొరుగుల డబ్బాను మేం పదిమందిమీ పంచుకున్నాం. మెత్తబడినవే, అయినా ఒక్క గింజ పారేయలేదు.

లెక్కల్లో నాకు ముప్ఫై ఎనిమిది వచ్చాయి. పాసు మార్కుల కంటే మూడు ఎక్కువొచ్చాయని నాయన చాలా రోజులు మురిసిపోయాడు. తరువాత నేను టీచరు ట్రైనింగు చదివి, సత్యవేడు వైపు పల్లెల్లో చిన్నపిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. చిన్నమ్మ పెళ్లి చేసుకుని తడ ఊరికి వెళ్లిపోయింది. సంఘం ఇంకో నాలుగేళ్లు నడిచి చెదిరిపోయింది. పసుపు రంగు బోర్డు ఎవరింట్లోనో కోళ్లగూటికి తలుపైందని విన్నాను.

ఇప్పటి పిల్లలకు ఏమీ తక్కువ కాలేదు. కేంద్రాలున్నాయి, చదువుకున్న సలహాదారులున్నారు, ఫోను చేస్తే పలికేవాళ్లున్నారు. కరెంటు కూడా అట్లా పోదు, పోయినా తెలియదు. మా చిన్నతనంలో మగ్గాలు ఆగితే వీధి మొత్తానికి ఒకేసారి తీరిక దొరికేది, ఒకరి ముఖం ఒకరు చూసేవాళ్లం. ఇప్పుడు ఎవరి మగ్గం వాళ్లకు ఆడుతూనే ఉంది, పిల్లలకూ, నాకూ. పిల్లలు ఎందుకు రావడం లేదవ్వా అని ఆదివారం ఇంటికొస్తూ మనవరాలు దిగులుగా అడిగింది. వాళ్ల కోసం ఆపుకునే మగ్గం ఎవరికుంది అనిపించింది, నాకు సాయంత్రాలు టీవీ ఉండనే ఉంది.

నిన్న సాయంత్రం నాలుగింటికి, సీరియల్ మంచి పట్టులో ఉండగా, టీవీ ఆపేసి లేచాను. బొరుగులు నేనే వేయించి డబ్బాలో పోసుకున్నాను. ఎక్కడికమ్మా, టీవీ ఎందుకు ఆపేశావు అని మా అబ్బాయి అడిగాడు. మోటారు వేడెక్కింది నాయనా, చల్లారడానికి గంట పడుతుంది అని చెప్పి, చెప్పులేసుకుని మనవరాలి కేంద్రం దారి పట్టాను.