నా బొమ్మ కింద వాళ్ళ మాట

మొన్న మధ్యాహ్నం కత్తిపీట ముందు కూర్చుని ఆనపకాయ తరుగుతుంటే, పక్కింటి కోడలు ఫోను పట్టుకొచ్చి, ఎవరో లారీల గురించి మాట్లాడుతున్నారు, మీ తమ్ముడి వ్యాపారమే కదా చూడండి అని నా ముందు పెట్టింది. ఏదో పెద్ద హోటలు, వేదిక మీద కోటు తొడుక్కున్న ఒక మనిషి, అతని వెనక గోడంత తెర, ఆ తెర మీద గుండ్రంగా నిలబడ్డ లారీల బొమ్మ. ఒక్కొక్క లారీకి ముందు నిమ్మకాయా మిరపకాయల దండ, అద్దం వెనక డ్రైవరు ముఖం, ఒకడికి మీసాలు, ఒకడికి తలపాగా, ఇంకొకడిది నిద్రమొహం. ఆ బొమ్మ నేను వేసింది. నెల్లిమర్లలో మా వీధి గదిలో, మోకాళ్ళ నొప్పితో కింద కూర్చోలేక, భోజనాల బల్ల మీద అట్ట పరుచుకుని పోస్టరు రంగులతో వేసింది. తన బృందం గీసిందని చెప్పుకుంటున్నాడు ఆ మనిషి. అతనెవరో నాకు బాగా తెలుసు. ఇన్నాళ్ళకి కోపం చల్లారి ఉంటుందనుకున్నాను. ఎక్కడ చల్లారింది!

మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, హైస్కూల్లో లెక్కల మేష్టారికున్న మర్యాద డ్రాయింగు టీచరుకు ఉండేది కాదు. పాఠాలు వెనకబడితే మొదట లాక్కునేది మా పీరియడునే. అయినా సైన్సు మేష్టారికి గుండె బొమ్మ కావాలన్నా, సోషలు టీచరుకి నదుల పటం కావాలన్నా నా గుమ్మం ఎక్కక తప్పేది కాదు. జూట్ మిల్లు కూత విని బడికి బయలుదేరి, మిల్లు కూత విని ఇంటికి చేరిన ఆ ఏళ్ళన్నిటిలోనూ నేను నేర్చుకున్న విద్య ఒకటే: ఒక అట్ట మీద ఒక్క సంగతే ఉండాలి, అది ఆఖరి బెంచీ పిల్లకి కూడా కనబడాలి. రిటైరయ్యాక ఈ విద్య ఇంకెవరికి పనికొస్తుందిలే అనుకుంటున్న రోజుల్లో నా మేనకోడలు, అంటే తమ్ముడి కూతురు, దాన్ని వెతుక్కుంటూ వచ్చింది.

తమ్ముడిది సాలూరు. ఆ ఊళ్ళో లారీతో సంబంధం లేని ఇల్లు వెతికినా దొరకదు. వాడికీ రెండు లారీలున్నాయి. మేనకోడలు బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం చేస్తూ, ఇంటి నుంచే పని అన్న కాలంలో వచ్చి తండ్రి దగ్గర ఉండి, చిన్నప్పటి నుంచి చూస్తున్నదే కొత్తగా చూసింది. సరుకుతో ఘాటీ, అంటే కొండ దారి, ఎక్కిన లారీ తిరిగి ఖాళీగా దిగుతుంది, తిరుగు లోడు కావాలంటే బ్రోకరు దయ ఉండాలి, బ్రోకరుకి నచ్చినవాడికి ఈ పూట, నచ్చనివాడికి ఎల్లుండి. దీనికి విరుగుడుగా తనతో చదువుకున్న ఒక కుర్రాణ్ణి, మొన్న ఫోన్లో కనబడ్డ ఆ కోటు మనిషినే, భాగస్వామిగా కలుపుకుని ఒక సంఘం కట్టింది. దాన్ని 'డావో' అనేవారు. నాకు అర్థమైనంతలో చెబుతాను. సంఘమే గాని దానికి అధ్యక్షుడూ కార్యదర్శీ ఉండరు. నియమాలన్నీ కంప్యూటర్లో రాసి పెడతారు. సభ్యులకు ఫోన్లో ఓట్లుంటాయి. సగానికి మించి సరేనంటే ఆ పని దానంతటదే జరిగిపోతుంది, లేదంటే ఎంత గొప్పవాడు అడిగినా జరగదు. తిరుగు లోడు ఎవరికి ఎప్పుడన్నది వంతుల వారీగా అదే పంచుతుంది.

విన్నప్పుడు మా తమ్ముడు నవ్వాడు. "పెద్దోడు లేని సంగం ఏటే, ఎవుడి మాట ఎవుడింతాడు?" అన్నాడు. అన్నవాడే మొదట చేరాడు, తోటి లారీల వాళ్ళను పిలుచుకొచ్చాడు. బ్రోకరు బల్ల దగ్గర పడిగాపులు తప్పాక వాడి ముఖంలో తేటదనం నేను కళ్ళారా చూశాను.

అది పక్క జిల్లాలకూ పాకాలంటే పెట్టుబడి కావాలి. విశాఖపట్నంలో కొందరు పెట్టుబడిదారులు వింటామన్నారు. వాళ్ళకు తెర మీద వరసగా చూపించే స్లైడ్లను పిచ్ డెక్ అంటారట. భాగస్వామి తయారుచేసిన డెక్ పట్టుకుని మేనకోడలు నా దగ్గరికి వచ్చింది. చూస్తే ఎక్కడ చూసినా బాణాలు, గళ్ళు, గళ్ళలో మళ్ళీ గళ్ళు.

"ఏటే ఇది? సూసినోడికి తల తిరగాలనే గీసేరా?" అన్నాను.

"అందుకే గదత్తా నీ కాడికి తెచ్చేను. మా నాన్నకి కూడా అర్దవయ్యేటట్టు నువ్వు సెయ్యి" అంది.

ఆ తరవాతి రోజులు తలుచుకుంటే ఇప్పటికీ మనసు పొంగుతుంది. తను ఒక్కొక్క సంగతి చెప్పేది, నాకు అర్థం కాకపోతే మళ్ళీ చెప్పించేదాన్ని, అర్థమైనదే గీసేదాన్ని. ఘాటీ మలుపులో ఖాళీగా దిగుతున్న లారీ ఒకటి. బ్రోకరు బల్ల చుట్టూ చేతులు కట్టుకు నిలబడ్డ డ్రైవర్లు ఒకటి. పెట్టుబడి ఎందుకు కావాలో ఒకటి, ఏది చెడిపోవచ్చో దాచకుండా ఒకటి. వీటన్నిటికీ నడిమధ్య ఆ లారీల వలయం, దాని కింద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒక్క మాట: పెట్టుబడి ఎవరెంత పెట్టినా ఓట్లలో లారీల వాళ్ళదే పైచేయి. ఆ షరతు సభ్యులందరూ ఓటేసి పెట్టుకున్నది. తమ్ముడు వారం వారం కొండ పనసకాయ దింపి, బొమ్మల్లో లారీ బంపరు సరిగా లేదని వంకలు పెట్టి వెళ్ళేవాడు. వయసు మీరిన దాన్ని మళ్ళీ ఒకరికి అవసరమయ్యానన్న సంతోషం ఎలాంటిదో మీకు నేను వేరే చెప్పక్కర్లేదు.

విశాఖపట్నం మేనకోడలితో నేనూ వెళ్ళాను, తను ఫోటోలు తీసి భాగస్వామికి పంపిన నా బొమ్మలు తెర మీద ఎలా ఉంటాయో చూసుకుందామని. ఇంగ్లీషు ధారాళంగా వస్తుందని భాగస్వామి మాట్లాడ్డానికి నిలబడ్డాడు. ఖాళీ లారీ వచ్చింది, బ్రోకరు బల్ల వచ్చింది, పెట్టుబడిదారులు తలలూపారు. లారీల వలయం వచ్చింది. బొమ్మ నాదే, కింద మాట మాత్రం నాది కాదు. పెట్టుబడి ఎంత పెడితే అన్ని ఓట్లు అని ఉంది అక్కడ. స్థాపకుల స్లైడులో అతని పేరొక్కటే పెద్దగా ఉంది. సంఘాన్ని పుట్టించిన మా పిల్ల పేరు అడుగున సహాయకుల్లో ఉంది.

మేనకోడలు లేచి, ఇది మా సభ్యులు ఒప్పుకున్నది కాదని చెప్పింది. అతను నవ్వుతూ, చిన్న మార్పే, తరవాత మాట్లాడుకుందాం అన్నాడు. ఆ నవ్వు చూశాక నేనాగలేకపోయాను.

"బొమ్మ నాది. దాని కింద అబద్దం రాయడానికి నువ్వెవుడివి?" అని అరిచాను.

పెట్టుబడిదారుల్లో పెద్దాయన ఒకాయన నా వైపు సరిగా చూడనైనా చూడకుండా, "అమ్మా, మీరు కూర్చోండి" అన్నాడు. జీవితమంతా పిల్లల్ని కూర్చోమని చెప్పినదాన్ని నేను. ఆ ఒక్క మాట ఇప్పటికీ నా ఒంట్లో ముల్లులా ఉంది.

మేమిద్దరం బయటికి వచ్చేశాం. బస్సులో ఉండగానే మేనకోడలి ఫోను మోగింది. ఆ భాగస్వామి కొత్త షరతును సభ్యుల ఓటుకు పెట్టేశాడు, పైన నా బొమ్మ పెట్టి, కింద చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలతో. ఒప్పుకోవద్దని తను గబగబా అందరికీ రాస్తూనే ఉంది, కనబడిన నంబరుకల్లా ఫోను చేస్తూనే ఉంది. మేము విజయనగరం చేరకముందే ఓట్లు సగం దాటాయి. సగం దాటితే ఇక ఆపగలిగే మనిషి లేడు. అలా ఉండాలని రాసిపెట్టింది తనే.

ఆ ఓట్లలో మా తమ్ముడిదీ ఒకటి. ఘాటీ మీద టీ కొట్టు దగ్గర లారీ ఆపి, కూతురి ఫోను అందేలోపే బొమ్మ చూసి నొక్కేశాడట. ఎందుకు నొక్కావురా అని గట్టిగా అడిగితే, తెల్లమొహం వేసి, "బొమ్మ నీదే గదప్పా. నువ్వొప్పుకున్నావనుకున్నాను" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్షరాలు చదవకపోయినా అక్క గీత మీద నమ్మకంతో నొక్కాడు వాడు. ఆ నమ్మకం పుట్టించగలదనే నా బొమ్మను ఉంచారు, మాటను తీసేశారు. గళ్ళూ బాణాలూ ఉన్న పాత స్లైడే పంపి ఉంటే అర్థం కాలేదని వాడు నాకు ఫోను చేసి ఉండేవాడు.

పెట్టుబడి వచ్చింది. వంతుల నియమం పోయింది, ఎక్కువ ఓట్లున్నవాళ్ళకి ముందు లోడు అన్న నియమం వచ్చింది, అదీ ఓటింగులోనే. పెద్ద పెద్ద రవాణా కంపెనీలు ఓట్లు కొనుక్కున్నాయి. మేనకోడలు బయటికి వచ్చేసి ఇప్పుడు విజయనగరంలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. డావో అన్న మాట దాని నోట మళ్ళీ వినలేదు. తమ్ముడు ఒక లారీ అమ్మేసి, రెండోదానితో తిరిగి బ్రోకరు బల్ల దగ్గరికే చేరాడు.

చాలాకాలం వాడితో మాట్లాడలేదు నేను. చివరికి వాడే వచ్చి వీధి అరుగు మీద కూలబడ్డాడు. "ఎవుడ్నడగమంతావప్పా? ఫోన్లో అడిగితే ఓటింగులో తేలిపోయింది అంతన్నారు. ఓటేసినోడెవుడంటే నానే" అన్నాడు.

మా చిన్నతనంలో సాలూరు లారీల సంఘానికి ఒక అధ్యక్షుడుండేవాడు. మంచివాడేం కాదు, తనవాళ్ళకే లోడ్లు రాసుకునేవాడు. ఒకసారి లారీ నడిపే మా నాన్న వంతును అతను ఎగ్గొడితే, నాన్నా తోటి డ్రైవర్లూ పట్టపగలు వెళ్ళి అతని ఇంటి ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టారు. అతని భార్య సిగ్గుపడి అందరికీ మజ్జిగ తెచ్చింది. మర్నాడు అతను అదే బజారులో, అదే మనుషుల మధ్య నుంచి తల వంచుకుని నడిచి వెళ్ళవలసి వచ్చింది, ఆ వారం నాన్నకు లోడు దొరికింది. అన్యాయం అప్పుడూ ఉంది, కాదనను. కాని దానికొక ఇల్లుండేది, పిలిస్తే బయటికొచ్చే ముఖం ఉండేది. ఇప్పుడు ఎవరి గుమ్మం ముందు నిలబడాలి? ఆ సాయంత్రం మా అరుగు మీద నేను మా తమ్ముణ్ణి కడుపారా తిట్టాను, వాడూ నన్ను తిట్టాడు. ఎదురుగా దొరికింది మేమిద్దరమే.