కొండవీటి కొండ మీద ఉపవాసం

కార్తీకమాసంలో మా అమ్మ సోమవారాలు ఉపవాసం ఉండేది. ఒక ఏడాది మాత్రం ఒక ఆదివారం కూడా ఉంది. ఉంచింది నేను.

అరవైల మొదట్లో మాట. అప్పట్లో గుంటూరులో ఒక హైస్కూల్లో సోషలు చెప్పేవాణ్ణి. బ్రాడీపేటలో రెండు గదుల వాటాలో కాపురం. అమ్మ, మా ఆవిడ, ఎనిమిదేళ్ల మా అమ్మాయి, నేను. కొండవీటి పాఠం వస్తే బల్ల గుద్ది మరీ చెప్పేవాణ్ణి. బురుజులు, దర్వాజాలు, కొండ నెత్తిన మూడు చెరువులు అన్నీ కళ్లకు కట్టేట్టు వర్ణించేవాణ్ణి. నిజానికి ఆ కొండ ఫిరంగిపురం నుంచి కనిపించినంత మేరకే నాకు తెలుసు. ఒకరోజు మా అమ్మాయి "నువ్వు ఎక్కావా నాన్నా?" అని అడిగేసింది. ఆ ప్రశ్నకు జవాబుగా అందరం బయల్దేరాం.

కులమతాల ప్రసక్తి వచ్చినా నా నోటికి మూత ఉండేది కాదు. బళ్లో సహపంక్తి భోజనాలు పెట్టించింది నేనే. అన్ని కులాల పిల్లల్నీ, సాయిబుల పిల్లల్నీ ఒకే వరసలో కూర్చోబెట్టి స్వయంగా వడ్డించాను. మీరెందుకు కూర్చోలేదు మాస్టారూ అని ఒక్కరూ అడగలేదు. వడ్డించేవాడికి ఆ సదుపాయం ఉంది.

ఆదివారం తెల్లవారకుండానే మా ఆవిడ పులిహోర, దద్ధ్యోజనం కలిపి, మరచెంబు నిండా మంచినీళ్లు పోసింది. ఒక బిందెలో కూడా నీళ్లు తీసుకుందామంది. నేను కసిరాను. "పైన మూడు చెరువులు పెట్టుకుని కింది నుంచి నీళ్లు మోసుకుపోతామా? నలుగురూ నవ్వుతారు." ఆవిడ బిందె అక్కడే దింపేసింది. నాతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో అప్పటికి ఎవరూ లేరు.

ఫిరంగిపురంలో పాసింజరు రైలు దిగి బండి కట్టించుకున్నాం. నల్లరేగడి బాటకు రెండు వైపులా పత్తి చేలు, మిరప తోటలు. మిరప తెల్లగా పూత మీద ఉంది. కొండ మొదట్లో బండిని ఆపి, సాయంత్రం దాకా ఉండమని చెప్పి నడక మొదలుపెట్టాం. మెట్లు అని పేరే గాని సగం ఊడిపోయి బండరాళ్లయ్యాయి. ఒక మలుపు తిరిగితే కుడిపక్క లోయ, దాని నిండా సీతాఫలం చెట్లు. మా అమ్మాయి మేకపిల్లలా ముందు పరుగెత్తుతోంది. అరవైకి దగ్గరపడ్డ మా అమ్మ పది మెట్లకొకసారి ఆగుతోంది. ఎండ ఎక్కింది. సగం కొండకు రాకముందే మరచెంబు ఖాళీ అయింది. అందులో ఎక్కువ తాగింది నేనే అని ఇప్పుడు ఒప్పుకోవడానికి అభ్యంతరం లేదు.

ఒక పగిలిన దర్వాజా నీడలో అమ్మ కూలబడింది. పెదాలు ఎండి తెల్లబడ్డాయి. "ఇంకెంత దూరంరా?" అంది. నాకేం తెలుసు? "ఇదిగో, వచ్చేసినట్టే" అన్నాను.

అప్పుడే కింది నుంచి ఒక ముసలాయన వచ్చాడు. గళ్ల లుంగీ, తలకు తుండు, చంకలో ఖాళీ గంప, భుజాన తాడుతో వేలాడే నీళ్ల సొరకాయ బుర్ర. కొండ కింది ఊళ్లో సాయిబు. సీతాఫలాలు కోసి గంపలకెత్తి అమ్ముకునే మనిషి. ఆఖరి కాపు ఏమన్నా మిగిలిందేమో చూసుకోవడానికి పైకి వెళుతున్నాడు. మా వాలకం చూడగానే బుర్ర దించి బిరడా తీశాడు.

"అమ్మగారు సొమ్మసిల్లేట్టున్నారండీ. కాసిని మంచినీళ్లు పుచ్చుకోమనండి. పొద్దున మా బావిలో తోడినయ్యే" అన్నాడు.

అమ్మ తల ఎత్తింది. ఆవిడ నోరు తెరవకముందే నేను అడ్డం వెళ్లాను.

"వద్దండీ సాయిబు గారూ. మా అమ్మ ఇవాళ ఉపవాసం."

మడి అంటే ఆయనకు నొప్పి. ఉపవాసమంటే ఎవరికీ నొప్పి లేదు. ఎంత మర్యాదగా తప్పించానని నాలో నేను మురిసిపోయాను కూడా.

"మంచినీళ్లు కూడా తాగరాండీ?"

"తాగదండీ."

"అయితే మా రోజా మాదిరే అన్నమాట" అని ఆయన బిరడా బిగించేశాడు. "రోజా ఉన్నోళ్ల ముందు తాగితే పాపమండీ. నేనూ పొద్దు వాలేదాకా ముట్టను." అంతటితో ఊరుకోలేదు. ఒక కొమ్మ విరిచి, ఆకు దూసి, చేతికర్ర చేసి అమ్మకిచ్చాడు. "నిదానంగా రండమ్మా. నేను దారి చూపిస్తాను" అని ముందు నడిచాడు.

వెనక నుంచి మా ఆవిడ "అదేమిటండీ, ఇవాళ ఆదివారం కదా, అత్తయ్యగారికి ఉపవాసం..." అని మొదలుపెట్టింది. గుడ్లురిమి చూశాను. ఆగిపోయింది. అమ్మ నాకేసి ఒక్క చూపు చూసి, కర్ర ఊతంతో లేచింది.

పైకి చేరేసరికి మిట్ట మధ్యాహ్నం. నేను ఇన్నేళ్లూ చూడకుండా వర్ణించిన చెరువు నేను వర్ణించిన దానికంటే బాగుంది. చుట్టూ కొండ శిఖరాలు, మధ్యలో నిండా నీళ్లు, గట్టు మీద గాలి. మా అమ్మాయి కేకలు వేస్తూ దిగి దోసిళ్లతో తాగింది. నేనూ తాగాను. కడుపు నిండా తాగి వెనక్కి తిరిగితే అమ్మ గట్టు మీద కూర్చుని నీళ్లకేసి చూస్తోంది.

ఆయన అక్కడే ఉన్నాడు. మా ఆవిడ పులిహోర విప్పబోతే మా అమ్మాయిని పక్కకు పిలిచాడు. "నాయనమ్మ ముందు తినగూడదమ్మా. ఆ చెట్టు చాటుకు పోయి తినండి" అన్నాడు. మేము చెట్టు చాటుకు వెళ్లి తిన్నాం. ఆయనకూ పెట్టబోయింది మా ఆవిడ. వద్దన్నాడు. నాకు ముద్ద దిగలేదని రాస్తే బాగుంటుంది గాని, దిగింది. ఆకలి అలాంటిది.

కాసేపటికి ఆయన నమాజు చేసుకోవడానికి చెరువు అవతలి వైపు వెళ్లాడు. కాళ్లు, చేతులు, మొహం కడుక్కున్నాడు. నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించి ఉమ్మేశాడు. ఒక్క గుక్కయినా మింగుతాడేమోనని చూశాను. మింగి ఉంటే నా మనసు కొంచెం తేలికపడేది. మింగలేదు.

పరుగున అమ్మ దగ్గరికి వెళ్లాను. "అమ్మా, ఆయన అటు వెళ్లాడు. గబుక్కున దిగి తాగిరా" అన్నాను.

అమ్మ కదల్లేదు. "ఆయన తాగాడా?" అంది.

"లేదు."

"నా కోసం నోరు కట్టుకున్న మనిషి అటు తిరిగాడని నన్ను దొంగతనంగా తాగమంటావా?"

"మరి ఆయన పట్టుకున్న నీళ్లు నువ్వు తాగుతావా? నీ మడి సంగతి నాకు తెలియదా?" అని నేనూ విసుక్కున్నాను.

"తాగేదాన్నో మానేదాన్నో. నువ్వు నన్ను అడిగావా?" అమ్మ గొంతు పెంచలేదు. నాలుక పిడచకట్టి మాట తడబడుతోంది. "అది నేను చెప్పుకోవాల్సిన జవాబు. నీకు ఇష్టం లేకపోతే నీకని చెప్పు. నా మడి చాటున దాక్కుంటావేం?"

ఆయన దగ్గరికి పోయి, అయ్యా, మా అమ్మకు ఉపవాసం లేదు, అబద్ధమాడాను అని చెబితే సరిపోయేది. రెండు మాటలు. కానీ ఆ వెంటనే ఆయన ఎందుకని అడుగుతాడు. సిగ్గేసింది గాని కాళ్లు మాత్రం అటు కదల్లేదు. అమ్మ చూసింది, నేను వెళ్లనని తెలుసుకుంది, మళ్లీ చెరువుకేసి తిరిగింది.

దిగడం ఎక్కడం కంటే కష్టమైంది. అమ్మకు రెండుసార్లు కళ్లు తిరిగాయి. రెండుసార్లూ ముందు పట్టుకున్నది ఆయనే. నేను మా అమ్మాయి చెయ్యి పట్టుకుని, అదే పెద్ద పని అన్నట్టు నడిచాను. ఆయన సీతాఫలాల మాటే మరిచిపోయాడు. గంప ఖాళీగానే దిగింది. మర్నాడు సోమవారం, అమ్మ అసలు ఉపవాసం కూడా మామూలుగానే ఉందని ఇక్కడే చెప్పేస్తే మంచిది. తర్వాత చెప్పే ధైర్యం ఉండకపోవచ్చు.

కొండ దిగేసరికి చీకటి పడుతోంది. బండివాడు ఎడ్లను కడుతున్నాడు. ఆయన ఆకాశం వెతికి వేలు చూపించాడు.

"చుక్క పొడిచిందమ్మా. ఇంక విడవచ్చు." అని బుర్ర తీసి, ఇవ్వాలా వద్దా అన్నట్టు నాకేసి చూశాడు.

అమ్మ నాకేసి చూడలేదు. పమిట సర్దుకుని, వంగి, దోసిలి పట్టింది. "పొయ్యి తమ్ముడూ" అంది.

ఆయన పోశాడు. అమ్మ తాగింది. మళ్లీ పట్టింది, మళ్లీ తాగింది. మోచేతుల మీదుగా నీళ్లు కారి చీర తడిసింది. మా ఆవిడ కళ్లు తుడుచుకుంటూ తనూ వెళ్లి దోసిలి పట్టింది. వాళ్ల తర్వాతే ఆయన బుర్ర ఎత్తుకుని, పొద్దుటి నుంచి ఆపుకున్న దాహం తీరా తాగాడు. ఆఖర్న కాసిని మిగిల్చి నా వైపు చాచాడు.

"మీరూ పుచ్చుకోండి పంతులు గారూ."

అమ్మ అప్పుడు నాకేసి చూసింది. మా ఆవిడ చూసింది. మా అమ్మాయి చూసింది. నా చేతులు లేవలేదు. ఎందుకు లేవలేదో ఈ వయసులో కూడా నాకు నేను సరిగ్గా చెప్పుకోలేను. నా నోటి నుంచి మాత్రం "వద్దండీ" అని వచ్చేసింది.

ఆయన నొచ్చుకోలేదు. బుర్ర అలాగే చాచి పట్టుకుని, పైన నేను చెరువులో తాగడం, చెట్టు చాటున పులిహోర తినడం చూసిన మనిషి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"మీకూ ఉపవాసమేనాండీ?"

అవునన్నట్టు తల ఊపాను.