మామ రేటు

కోడుమూరు బస్టాండు పక్క సందులో ఇమాం వలి రిపేరీ అంగడి ఉండాది. మిక్సీ, కూలరు, ఫ్రిజ్జు, ఏదన్నా తీసకపోయి ఆడ పెట్టండి, తిరక్కపోతే నన్నడగండి. ఆయప్ప చేతికొచ్చిన మోటరు తిరగాల్సిందే. తిరగనిది ఒగటే, ఆయప్ప నాలిక. పనయినాక ఎవరన్నా "ఎంతప్పా?" అంటే చాలు, గొంతులో వెలక్కాయ పడతాది. "నీ ఇష్టం మామా, తోచింది ఇయ్యి" అంటాడు.

తోచింది ఇయ్యమంటే మనోళ్లకు ఏం తోస్తాది చెప్పండి? ఫ్రిజ్జు బాగు చేయించుకున్న ఓబుళేశుకు మునక్కాయలు తోచినాయి. ఉల్లిగడ్డల యాపారం చేసే నరసన్నకు టీ తోచింది, ఆ టీ కూడా ఇమాం వలి ఖాతాలోనే తాగినాడు. ఒక ముసలాయప్ప తల నిమిరి, అల్లా సల్లగా చూడాల నాయనా అని దీవించి, మిక్సీ సంకన పెట్టుకొని పోయినాడు. దీవెనలు మంచివే, నేను కాదన్ను. కానీ కర్నూల్లో స్పేరుపార్టుల అంగడాయన దీవెనలు తీసుకోడు గదా. మొగమాటానికి పోతే ఏమైతాదో పెద్దోళ్లు సామెతే చెప్పినారు, ఆడోళ్ల ముందర చెప్పేది కాదు గాబట్టి వదిలేస్తాండా.

ఇంటి కష్టం తెలిసింది ఆయప్ప పెండ్లాం ఫిరోజాకు. కర్నూల్లో ఒక కంపెనీ సర్వీసు సెంటరోళ్లు ఇమాం వలిని రమ్మని పిలుస్తాండారు. నెల జీతం, నీలం చొక్కా, భుజానికి సంచి. ఈ ఎండాకాలం వరకే చూస్తానని ఫిరోజా ఖండితంగా చెప్పింది. కూలర్ల కాలంలో కూడా అంగడి బాడుగ పుట్టకపోతే తాళమేసి నీలం చొక్కా ఏసుకోవాల్సిందేనంట. ఇమాం వలికి అది ఒట్టి అంగడి కాదు. ఊరంతా వచ్చి మామా, అన్నా అని పిలిచిపోయే చోటు. ఆ పిలుపులు లేకపోతే ఆయప్పకు అన్నం సహించదు.

అసలు రోగం యాడుండాదో చూద్దామని ఫిరోజా రెండు మూడు దినాలు అంగట్లో వచ్చి కూచుంది. చూసి చూసి, ఒక సాయంత్రం మొగునికి చెప్పింది:

"సార్ అన్నోడు దుడ్లిచ్చి పోతాండాడు. అన్నా అన్నోడు సగమిచ్చి పోతాండాడు. మామా అన్నోడు మన టీ తాగి పోతాండాడు. నీ కొంప ముంచుతాండేది వరసలయ్యా."

మర్నాడు పాత ఫ్రిజ్జు తలుపొకటి అంగడి ముందర నిలబెట్టి, దానిమీద ఎర్ర పెయింటుతో రాసింది. సార్ అంటే కూలి మాత్రమే. అన్నా అంటే కూలి, పైన యాభై. మామా అంటే కూలి, పైన నూరు.

ఇమాం వలి నెత్తి పట్టుకున్నాడు. వరసకు రేటు కట్టినోళ్లను లోకంలో చూసినామా అన్నాడు. ఫిరోజా లెక్కలో తప్పేం లేదు. సార్ అన్నోని వస్తువు బాగు చేసిస్తే చాలు. మామా అన్నోని కూలరు ఇంటిదాకా మోయాల, మోసినాక వాళ్ల ఫ్యాను కూడా చూడాల, ఫ్యాను చూస్తా చూస్తా వాళ్ల తమ్మునితో తగువంతా వినాల. పని ఎక్కువ, రేటు ఎక్కువ. అడగందే అమ్మయినా పెట్టదు అని ఫిరోజా ముగించి, గల్లా పక్కన కూచుంది. ఇమాం వలి సిగ్గుతో పోయి పెద్ద ఫ్రిజ్జు ఎనక దాక్కున్నాడు.

మొదట వచ్చింది ఓబుళేశు. "మా" అన్నాడు, తలుపు చూసినాడు, గుటక మింగి "స్టరూ" అని పూర్తి చేసినాడు. మాపటికల్లా మాస్టరు కూడా తలుపెక్కింది, మామ రేటుకే. ఇంకొగాయప్ప ఏమీ పిలవకుండా చప్పట్లు కొట్టినాడు. ఒకామె అయితే మనిషి జోలికే పోకుండా, తెచ్చిన మిక్సీనే పట్టుకొని, ఏమే, రేపటికి అయితావా అని దాన్నడిగింది. ఎన్ని తెలివులో చూడండి మన జనానికి!

నరసన్న వచ్చినాడు. ఆయప్పా ఇమాం వలీ చిన్నప్పుడు ఒకే బాయిలో ఈత నేర్చినోళ్లు, ఒకే సైకిలు తొక్కినోళ్లు, మామా అంటే మామా అనుకునేటోళ్లు. ఆ నరసన్న ఇస్త్రీపెట్టె బెంచీ మీద పెట్టి, చేతులు జోడించి, "నమస్కారం సార్" అన్నాడు. ఫ్రిజ్జు ఎనకనుంచి స్క్రూడ్రైవరు కిందపడిన చప్పుడు వినపడింది.

అట్లా ఇమాం వలి అందరికీ సారైనాడు, దుడ్లు మాత్రం సరిగ్గా వచ్చినాయి. బాడుగ తీరింది, చేతిలో మిగిలింది కూడా. ఫిరోజాకు కాళ్లు నేల మీద నిలవలేదు. ఇమాం వలి మాత్రం కరెంటాఫీసులో గుమాస్తా మాదిరి మొగం పెట్టుకొని, సంగటి ముద్ద ముందర కూచొని, తినకుండానే లేస్తాండాడు.

"మూసేద్దాం ఫిరోజా" అన్నాడు ఒకనాడు. "ఎట్లాగూ సార్ అనిపించుకోవాలంటే కర్నూల్లో అనిపించుకుంటా. ఆడ నేనెవరికీ తెలీదు, నొప్పుండదు."

లాభం వస్తాంటే మూసేస్తావా, నీకేమన్నా బుద్ధుండాదా అని ఫిరోజా తిట్టింది గానీ, తిడతా తిడతా కండ్లు తుడుచుకుంది. సరే, కర్నూలోళ్లకు ఫోను చేద్దాంలే అనింది.

తెల్లారి అంగడి ముందర ఓబుళేశు, నరసన్న, ఇంకా నలుగురు నిలబడుకోనుండంగా, "అల్లుడా! యాడుండావురా?" అని సందంతా అదిరేట్లు కేక వచ్చింది. హంపమ్మ. బస్టాండు కాడ బొరుగుల ఉగ్గాని అమ్మే బండి ఆయమ్మది. పప్పులపొడి కొట్టే మిక్సీ కాలిపోయిందంట. చదువు రాదు గాబట్టి తలుపు మీద ఏముండాదో ఓబుళేశుతో చదివించుకుంది. విని, ఇందులో అల్లుని రేటు యాడుండాదని అడిగింది. అల్లుని రేటు రాయలేదమ్మా అనింది ఫిరోజా. ఆయమ్మకు ఎక్కడలేని కోపమొచ్చింది.

"మామకు రేటుండి అల్లునికి లేదా? లోకంలో యాడన్నా మామకంటే అల్లుడు అగ్గువా? నోరిప్పి నువ్వే చెప్పరా, అల్లుని రేటెంత?"

ఇమాం వలి ఫ్రిజ్జు ఎనకనుంచి బయటికొచ్చినాడు. "నీ..." అన్నాడు. ఇష్టం అన్నావంటే ఈ జారుతోనే మొత్తుతా అనింది హంపమ్మ. ఆయప్ప కండ్లు గట్టిగా మూసుకున్నాడు. "ఇన్నూరత్తా. కూలి వేరే."

పుట్టినకాడినుంచి ఆయప్ప నోటెంట వచ్చిన మొదటి రేటు అదే. హంపమ్మ కొంగుముడి ఇప్పి ఇన్నూరూ గల్లా మీద పెట్టింది. పెట్టి, నిలబడినోళ్ల దిక్కు తిరిగి, "మీరు సార్ అనే అనుకోండప్పా, పాపం, లేనోళ్లు" అనింది.

మన సీమోణ్ణి ఏమన్నా అనొచ్చు, లేనోడు అనగూడదు. ఓబుళేశు మీసం మీద చెయ్యేసి, ఎవరు లేనోళ్లని ఎగిరినాడు, నూరు పారేసి మామా అని అరిచినాడు. వాని ఎనకోడు ఇంకో యాభై ఎక్కువేసి పెద్దమామా అన్నాడు. ఫిరోజా పెయింటు డబ్బాకోసం ఎతుకులాడింది. నరసన్న మాత్రం తల దించుకొని, ఎవరికీ చెప్పకుండా జారుకున్నాడు. అంత సందడిలోనూ ఇమాం వలి చూసింది ఆ ఎల్లిపోయే ఈపునే.

నరసన్న మరుసటి దినం ఎండలో వచ్చినాడు, ఒట్టి చేతులతో. ఏం తెచ్చినావన్నా అని ఫిరోజా అడిగింది.

"ఏం లేదమ్మా, ఇంట్లో అన్నీ బాగానే తిరుగుతాండాయి. ఊరికే ఒగసారి పిలిచి పోదామని వచ్చినా."

"ఊరికే కుదరదన్నా."

నరసన్న జేబులోంచి నూరు నోటు తీసి బెంచీ మీద పెట్టినాడు. గొంతు సవరించుకున్నాడు.

"మామా" అన్నాడు.

"ఏం మామా" అన్నాడు ఇమాం వలి, ఏడుస్తానే. నేను కూడా పిలిచినా గదా అని ఆ నోటు తీసి మళ్లా నరసన్న చేతికే ఇయ్యబోయినాడు. ఫిరోజా మధ్యలోనే లాక్కొని గల్లాలో ఏసింది. తర్వాత కర్నూలుకు ఫోను చేసి, మా ఆయన రాడప్పా, ఈడ చుట్టాలు శానా మంది ఉండారు అని చెప్పి పెట్టేసింది.