మావయ్య దాచిన కారు, అత్త తోలిన కారు

పోయిన బుధవారం పొద్దున్న కాఫీ కలుపుకుంటూంటే విజయనగరం నుంచి ఫోను వచ్చింది. మా మేనమామ కొడుకు. "వదినా, అమ్మ ఎలిపోనాది" అన్నాడు. నిద్రలోనే పోయిందట.  కాఫీ అక్కడే వదిలేసి బయల్దేరాను.

నేను వెళ్ళేసరికి వీధంతా అక్కడే ఉంది. "కారమ్మ పోనాది" అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. మా అత్తకి ఆ పేరు ఆవిడ తోలిన కారు వల్ల వచ్చింది. వాళ్ళలో సగంమంది ఆ కారుని చూసి ఉండరు. మాట కారంగా ఉంటుంది కాబట్టి ఆ పేరొచ్చిందనుకునే పిల్లలు కూడా ఉన్నారట. అందులోనూ అబద్ధం లేదు. కానీ ఆ పేరు వచ్చిన రోజుల్లో నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. చూసిన దాన్ని కాబట్టి మీతో చెప్పుకోవాలనిపించింది.

అరవైల చివరి సంవత్సరాలవి. మాది శ్రీకాకుళం పక్క పల్లె. బి.ఏ. చదవడానికి విజయనగరంలో మావయ్య ఇంట్లో దిగాను. మావయ్యది గోగునార వ్యాపారం. ఊళ్ళలో నార కొని, కట్టలు కట్టించి, జూటు మిల్లులకి పంపించేవాడు. ఇంటి వెనకే గోడౌను. తలుపు తీసినా వేసినా ఇల్లంతా నార వాసనే. అత్త కళింగపట్నం వైపు రైతుల ఇంటి పిల్ల. పొట్టి మనిషి, గట్టి గొంతు. పెళ్ళై చాలా ఏళ్ళైనా అప్పటికింకా వాళ్ళకి పిల్లల్లేరు.

మావయ్య నార పంపే ఒక మిల్లులో విదేశీ మేనేజరు ఉండేవాడు. ఉద్యోగం మానేసి తన దేశం వెళ్ళిపోతూ, కొత్తగా తెప్పించుకున్న కారుని మావయ్యకి అమ్మేసి వెళ్ళాడు. పాలమీగడ రంగు కారు. పొడుగ్గా, పడవలా ఉండేది. లోపల తోలు సీట్లు, ముందు నున్నటి చెక్క పలక, అందులో చిన్న గడియారం, రేడియో. తలుపు వేస్తే చప్పుడు వినిపించేది కాదు, ఎవరో చెవిలో మెత్తగా ఊదినట్టుండేది. మనవాళ్ళకి విదేశీ కార్లు రానివ్వని కాలం అది. మా ఊళ్ళో అలాంటిది ఇంకోటి లేదు.

మావయ్య దాన్ని తోలడానికి కొనలేదు. దాచడానికి కొన్నాడు.

చిన్నప్పుడు ఎక్కడో ఒక జమీందారు గారి షెడ్డులో పాత కారొకటి చూశాడట. సీట్ల మీద కోళ్ళు గుడ్లు పెట్టుకునేవి. ఊరివాళ్ళు దాన్ని చూసి నవ్వేవాళ్ళు. కొన్నేళ్ళకి కలకత్తా నుంచి ఎవరో వచ్చి, దానికి దుప్పట్లు కప్పి, పెళ్ళికూతుర్ని తీసుకెళ్ళినంత జాగ్రత్తగా లారీ మీద తీసుకెళ్ళారు. లారీ వెనకాల ఊరి చివరిదాకా పరిగెత్తిన పిల్లల్లో మావయ్య ఒకడు. అప్పట్నుంచీ ఆయన మనసులో ఒకటే కోరిక, తన కారు కోసం కూడా ఒకనాడు అలా ఎవరో వెతుక్కుంటూ రావాలని.

ఇదే విషయం మీద సాయంత్రాలు మా అరుగు మీద వాదన జరిగేది. ఎదురింటి ప్లీడరు గారు వచ్చి కూర్చునేవారు.

"ఆ కాలం కార్లు ఒక్కోటీ చేత్తో చేసేవారయ్యా. నీది ఫ్యాక్టరీలో అచ్చుపోసి తీసింది. వాళ్ళ దేశంలో ఇలాంటివి వీధికొకటి ఉంటాయి. పాతబడితే పాత ఇనుమే. దీన్నెవరు దాచుకుంటారు?" అనేవారు ఆయన.

"అందరూ అలాగే అనుకుని పారేస్తారు గదండీ," అనేవాడు మావయ్య. "అందరూ పారేసినాక మిగిలినదాని మాటేటి? ఇయ్యాల కొత్తది గాబట్టి సూస్తారు. అదేటి గొప్ప? మనం పోనాక దీన్ని ఎతుక్కుంటూ వస్తారు, సూడండి."

"రాజులెక్కిన కారంటే వస్తారు. నీ కారు ఎవరెక్కారని వస్తారు?"

టీ గ్లాసులు తెస్తున్న అత్త గుమ్మంలో ఆగి, "మేం ఎక్కుతాం లెండి" అంది. ప్లీడరు గారు నవ్వేశారు. మావయ్య మాత్రం నవ్వలేదు.

ఎందుకంటే ఎక్కనిచ్చేవాడు కాదు. గోడౌనులో ఒక వార ఖాళీ చేయించి, నేల అలికించి, కారుకి మెత్తటి దుప్పటి కప్పి ఉంచేవాడు. ఆదివారం దుప్పటి తీసి తుడిచి, ఇంజను కాసేపు ఆడించి మళ్ళీ కప్పేసేవాడు. సాయంత్రాలు మాత్రం మనసు పుడితే అత్తని పక్కన కూర్చోబెట్టుకుని, అద్దాలు దింపి, స్టీరింగు మీద చేతులు వేసి కూర్చునేవాడు. నేను వెనక సీట్లో. కారు కదిలేది కాదు.

"ఇప్పుడెక్కడున్నాం?" అని అత్త కళ్ళు మూసుకుని అడిగేది.

"సిలకపాలెం దాటినాం."

"అప్పుడేనా? మరి అరసవల్లి ఎల్దామా?"

"ఎల్దాం. దేవుడి దర్శనం అయినాక తిన్నగా మీ వూరే."

నార కట్టల మధ్య, పైన రేకుల్లోంచి పడే వెలుగు చారల్లో, ఆ కదలని కారులో మేం ముగ్గురం ఎన్నెన్ని ఊళ్ళు తిరిగామో. ఒక్కోసారి నాకు నిజంగానే గాలి తగిలినట్టుండేది. నాగావళి వంతెన మీద చక్రాలు దడదడలాడినట్టుండేది.

కొన్నాళ్ళకి మావయ్య గోడౌనులో పక్కనున్న కట్టలకి తగులుకోవడం మొదలుపెట్టాడు. అన్నం పళ్ళెం పక్కన పెట్టిన మంచినీళ్ళ గ్లాసు కనబడేది కాదు. దీపం చుట్టూ రంగుల వలయాలున్నాయనేవాడు. అత్త విశాఖపట్నం తీసుకెళ్ళి పెద్ద కళ్ళ డాక్టరుకి చూపించింది. నీటికాసులు, గ్లాకోమా అని చెప్పాడు డాక్టరు. పక్కచూపు ముందు పోతుంది, నడిమి చూపు కొంతకాలం నిలుస్తుంది, తరవాత అదీ పోతుంది, పోయింది తిరిగి రాదు అన్నాడు. తిరుగు రైల్లో కొత్తవలసలో బండి చాలాసేపు ఆగింది. మావయ్య కిటికీ లోంచి ఇనప రాయి మోసే గూడ్సు బళ్ళని చూస్తూ కూర్చున్నాడట.  బండి కదిలాక, "కారు బద్రంగా ఉన్నాది, అదొక్కటీ సాల్లే" అన్నాడట.

మర్నాడు పొద్దున్న ఆయన అరుగు మీద కూర్చుని ఉంటే అత్త వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"తాళాలు ఇలాగియ్యండి."

"ఏటికి?"

"నాను తోలడం నేర్సుకుంతాను."

"నీకేటైనా మతి పోనాదేటే? గీత పడితే?"

"పడనీండి. మీరు దాసింది ఎవల కోసం? ఎవలో ముక్కూ మొకం తెలీనోలు వచ్చి సూస్తారని, మీరు సూడకుండా కూకుంటారేటి? మీకు కనపడినన్నాళ్ళు తిరిగొద్దాం. ఆ తరవాత దుప్పటి కప్పుదురు గాని."

 తాళాలు మావయ్య తన చేత్తో ఇవ్వలేదు. అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

గోడౌను లారీ తోలే తాత అత్తకి నేర్పాడు. కంటోన్మెంటు పక్కనున్న ఖాళీ మైదానంలో. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, ఎత్తు చాలక కింద తలగడ వేసుకుని కూర్చునేది. చుట్టూ జనం. "ఒలమ్మో, ఆడమనిషి కారు తోలతన్నాది" అని గోడలెక్కి చూసేవాళ్ళు. అత్త కిటికీ లోంచి తల బయటపెట్టి, "అడ్డం లెగండి, నాకింకా ఆపడం రాదు!" అని అరిచేది. ఆ వారమే ఆవిడ కారమ్మ అయిపోయింది.

మొదటిసారి మావయ్యని ఎక్కించుకుని బయల్దేరిన రోజున, వీధి గుమ్మం స్తంభానికి కారు రాసుకుంది. లోహం గీసుకున్న ఆ చప్పుడు తలుచుకుంటే నాకు ఇప్పటికీ పళ్ళు జివ్వుమంటాయి. అత్త ఇంజను ఆపేసి కొయ్యలా కూర్చుండిపోయింది. మావయ్య దిగాడు. చూపుతో కాదు, బొటనవేలితో ఆ గీతని ఈ కొస నుంచి ఆ కొసదాకా తడిమాడు. తిరిగొచ్చి పక్కన కూర్చుని, తలుపు వేసుకుని అన్నాడు:

"పడాల్సింది పడిపోనాది. ఇంక బయమేటి? పోనీ."

ఆ తరవాత దాదాపు రెండేళ్ళు, వీలున్నప్పుడల్లా మా ప్రయాణాలే. తెల్లారగట్ల బయల్దేరి అరసవల్లి చేరేసరికి ఎండ ఇంకా పసుపుగా ఉండేది. రామతీర్థం కొండ. గరివిడి దగ్గర రోడ్డు పక్క నల్లటి ఖనిజం గుట్టలు. మావయ్య గొప్పవేవీ అడిగేవాడు కాదు. "ఆ ఊడుపులు సూద్దాం, ఆపు" అనేవాడు. ఆకుమడి పచ్చదనాన్ని తల అటూ ఇటూ తిప్పి ముక్కలు ముక్కలుగా చూసుకునేవాడు. ఆయనకి అప్పటికే అలా తిప్పితే గాని పూర్తిగా కనిపించేది కాదు.

అన్నిట్లోకీ నాకు బాగా గుర్తున్నది గోగుచేను. వానాకాలం చివర్లో చీపురుపల్లి రోడ్డున పోతున్నాం. రెండు పక్కలా మనిషికి మించిన ఎత్తున గోగు మొక్కలు. వాటి నిండా లేత పసుపు పూలు, పువ్వు నడుమ ముదురెరుపు. మావయ్య ఆపమన్నాడు.

"ఇదేటి పంట?" అన్నాడు.

అత్త ఆయన వైపు వింతగా చూసింది. "గోగు. మీ గోగే."

వయసొచ్చినప్పటి నుంచీ నారతోనే బతికిన మనిషి. కట్ట చేత్తో ఎత్తి ఏ ఊరి నారో చెప్పేవాడు. ఆయన ఇంటికి అది ఎప్పుడూ ఎండిన నారగానే వచ్చింది. పూసిన చేనుని ఆగి చూసే తీరిక ఆయనకి ఎప్పుడూ దొరకలేదు. దిగి చేలోకి వెళ్ళాడు. మొక్కల మధ్య ఆయన తల కూడా కనిపించలేదు, పూలు కదులుతుంటే ఎక్కడున్నాడో తెలిసేది. అత్త కారు దిగకుండా స్టీరింగు మీద గడ్డం ఆనించి ఆ కదలికనే చూస్తూ కూర్చుంది. పిలుద్దామా అని నేనంటే, "ఉండనీవే గుంటా. ఆయనకిప్పుడు పనుంది" అంది.

కళింగపట్నం వెళ్ళినప్పుడు ఒక చేపలమ్మే ఆవిడ కారు చుట్టూ తిరిగి చూసి, "ఇదేటి తల్లీ, కారా, ఓడా?" అంది. "ఎక్కి సూడు" అని అత్త ఆవిడని ఎండుచేపల గంపతో సహా ఎక్కించేసింది. సంతదాకా దింపాం. ఆ వాసన మరి వదల్లేదు. తోలు సీటుకి సబ్బు రాసినా, అగరొత్తులు పెట్టినా పోలేదు. "కలకత్తావోలు వస్తే ముక్కు మూసుకుంతారు" అని మావయ్య నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు.

అరవైలు ముగిసేసరికి ఆయన చూపు పూర్తిగా పోయింది. నా చదువూ అయిపోయింది, పెళ్ళై నేను వెళ్ళిపోయాను. తరవాత వాళ్ళకి కొడుకు పుట్టాడు. అత్త తోలడం మానలేదు. ఆయన పక్కన కూర్చుని, చెయ్యి కిటికీ బయట పెట్టి, గాలి తడిని బట్టి ఏరు దగ్గరపడిందని చెప్పేవాడట.

చాలా ఏళ్ళకి, మావయ్య బాగా పెద్దవాడయ్యాక, నేను చూడ్డానికి వెళ్ళి ఆ ఇంట్లో ఉండగానే హైదరాబాదు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. పాత కార్లు సేకరిస్తాడట. గోడౌనులో చుట్టూ తిరిగి, కింద పడుకుని చూసి, లేచి, "అయ్యా, ఈ మోడలు కోసం దేశమంతా వెతుకుతున్నాం. ఎక్కడా మిగల్లేదు" అన్నాడు.

మావయ్య మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగింది. "సెప్పానా! ప్లీడరు గారు ఉంటే బాగున్ను" అన్నాడు.

"కానీ బాగా వాడేశారండీ. సీట్లు పోయాయి, గీతలు, రేకు తుప్పు, ఈ వాసనొకటి. కదపకుండా దాచి ఉంటే దీన్ని మించింది ఉండేది కాదు."

అప్పుడు అత్త మొహం చూశాను. ఎవరికీ జంకని మనిషి తెల్లబోయి చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. ఒక మనిషి జీవితమంతా కన్న కలని తనే ఖర్చుపెట్టేసిందేమో అన్న భయం ఆవిడ కళ్ళలో స్పష్టంగా కనిపించింది. ఆ భయం ఆవిడకి ఆ రోజు పుట్టింది కాదని, అన్నేళ్ళూ లోపల మోస్తూనే ఉందని నాకు అప్పుడే తెలిసింది.

మావయ్య చేత్తో వెతుక్కుని కారు తలుపు పట్టుకున్నాడు. ఆ పెద్దమనిషి గొంతు వచ్చిన వైపు తిరిగి, కోపం లేకుండా, నెమ్మదిగా అన్నాడు:

"మరి నాను సూడొద్దేటి బాబూ?"

 అత్త గోడ వైపు తిరిగిపోయింది.

అప్పుడు కారు ఇవ్వలేదు. మావయ్య పోయి, అత్త చేతులకి స్టీరింగు బరువయ్యాక ఆ పెద్దమనిషినే పిలిపించి ఇచ్చింది. "ఆదివారాలైనా తోలు బాబూ" అని మాత్రం అడిగింది. తోలుతున్నాడట.

ఈ వారం రోజులుగా అత్త అనుకోగానే నాకు కనిపించేది మాత్రం వేరే. మావయ్యకి నడిమి చూపు కొంచెం మిగిలిన ఆఖరి శీతాకాలం. కోతలైపోయిన పొలాల మధ్య మట్టిరోడ్డు, వాలిన ఎండ. ఎక్కణ్ణుంచో బాతులు మేపేవాళ్ళు ఒక పెద్ద మందని తోలుకొచ్చారు. అత్త ఇంజను ఆపేసింది. బాతులు కారుని చుట్టుకుని రెండు పాయలుగా చీలి, వెనకాల మళ్ళీ కలిసి, గునగునా నడుస్తూనే ఉన్నాయి. ఎంతకీ తరగడం లేదు. నేల కదులుతోందో, మేమే తేలుతున్నామో తెలియలేదు. మావయ్య కిటికీ మీదికి వంగి, ఆ మిగిలిన కాస్త చూపుతో ఒక్కో బాతునీ పట్టుకుంటున్నాడు. తలగడ మీద కూర్చున్న అత్త రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది, ఎక్కడికీ తొందర లేనట్టు. దుమ్ములో ఎండ బంగారంలా లేస్తోంది. బాతులు ఇంకా వస్తూనే ఉన్నాయి.